భవానీపూర్‌లో శరత్తు

పండుట, రాలుట, మరల వచ్చుట: ఒక ఆంగ్ల కవి గానం చేసిన ఈ ఋతుచక్రాన్ని కలకత్తాలోని ఒక పాతపేట ఏటేటా ఆచరించి చూపుతుంది. ఆ చక్రాన్నే పాడిన ఒక బెంగాలీ కవి అక్కడే కన్నుమూశాడు.

మహాలయ అమావాస్యనాడు దక్షిణ కలకత్తాలోని భవానీపూర్ తెల్లవారకముందే మేల్కొంటుంది. నాలుగు గంటల వేళ ఇంటింటి రేడియోలోనూ శంఖం మ్రోగుతుంది. ఆ వెనుకనే వీరేంద్రకృష్ణ భద్ర గంభీరకంఠం చండీస్తోత్రాన్ని అందుకుంటుంది. ఆకాశవాణి 1930ల నుంచి ప్రసారం చేస్తున్న ‘మహిషాసురమర్దిని’ అనే ఈ కార్యక్రమాన్ని వినకుండా బెంగాలీకి శరదృతువు రాదు. ఆ కంఠం గల మనిషి 1991లో మరణించాడు. అయినా ప్రతి శరత్తులోనూ, అదే వేకువ ఝామున, అదే కంఠం దేవిని పిలుస్తూనే ఉన్నది.

స్తోత్రం ముగిసే సరికి తూరుపు తెలుపెక్కుతుంది. తెల్లని ధోవతులు కట్టుకున్న పురుషులు గంగ ఒడ్డుకు నడిచి, మొలలోతు నీటిలో నిలబడి, నువ్వులతో నీటితో పితృదేవతలకు తర్పణం విడుస్తారు. మన ఇళ్ళలో పెద్దల అమావాస్య అని పిలుచుకునే రోజే ఇది. పితృపక్షం ఈ నీటిలో ముగిసి, మరునాటి నుంచి దేవీపక్షం ఆరంభమవుతుంది. ఆ ఉదయమే శిల్పులు మట్టి ప్రతిమలకు కన్నులు దిద్దుతారు. గతించినవారిని తలచుకోవడమూ, రాబోయే తల్లికి చూపు నివ్వడమూ ఒకే రోజు జరిగే పనులు. ఈ రెంటినీ విడదీయకుండా చూడగలిగినవాడికి భవానీపూర్ శరత్తు అర్థమవుతుంది.

గుడికీ, ఆసుపత్రికీ, శ్మశానానికీ నడుమ

2001లో కోల్‌కతాగా పేరు మార్చుకున్న ఈ మహానగరం భవానీపూర్‌ను తనలో కలుపుకున్నది గాని, మొదట అది నగరం వెలుపలి పల్లె. కాళీఘాట్ అమ్మవారి దర్శనానికి పోయే యాత్రికుల బాట దీని మీదుగానే సాగేది. ఆ బాటే నేటి ఆశుతోష్ ముఖర్జీ రోడ్డు. పడమట ఆదిగంగ పారుతుంది. ఒకనాడు గంగానది ప్రధాన ప్రవాహమే అది అని జనం నమ్మకం. పద్దెనిమిదవ శతాబ్దంలో టాలీ అనే ఆంగ్లేయుడు దానిని త్రవ్వించి బాగుచేసినందున ‘టాలీ నాలా’ అనే పేరు కూడా వచ్చింది. నేడది సన్నని కాలువ. అయినా కాళీఘాట్ భక్తులకు అదే గంగ.

ఈ పేట పుణ్యం చిన్నది కాదు. నీలిరైతుల కష్టాలను లోకానికి చాటిన ‘హిందూ పేట్రియట్’ సంపాదకుడు హరిశ్చంద్ర ముఖర్జీ ఇక్కడివాడు. కలకత్తా విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దిన ఆశుతోష్ ముఖర్జీ ఇక్కడ నివసించాడు. సుభాష్ చంద్ర బోస్ 1941లో బ్రిటిష్‌వారి కళ్ళుగప్పి తప్పించుకుపోయిన ఇల్లు ఎల్గిన్ రోడ్డులో ఉన్నది. భారతదేశంలో మొట్టమొదటి భూగర్భ రైలు 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి బయలుదేరి ఆగిన చోటు భవానీపూర్ స్టేషనే. ఇప్పుడా స్టేషనుకు నేతాజీ పేరు పెట్టారు.

అన్నిటికన్నా విశేషం ఈ పేట అమరిక. చుట్టుపక్కల కొద్దిదూరంలోనే మనిషి బ్రతుకులోని మజిలీలన్నీ ఉన్నాయి. శిశువులు పుట్టే ప్రసూతిశాల ఉన్నది. దేశబంధు చిత్తరంజన్ దాస్ తన ఇంటిని జాతికి అర్పించగా వెలసిన సేవాసదనమది. పాఠశాలలు, కళాశాలలు, సినిమాహాళ్ళు, జదుబాబు బజారు ఉన్నాయి. కలకత్తా హైకోర్టుకు తొలి భారతీయ న్యాయమూర్తి శంభునాథ్ పండిత్ పేరుగల ఆసుపత్రి ఉన్నది. దక్షిణాన కాళికాలయం, దాని ప్రక్కన ఆదిగంగ ఒడ్డునే కేవడాతలా శ్మశానం ఉన్నాయి. పుట్టుక నుంచి బూడిద వరకు, ఇక్కడివారు కాలినడకన పోగలిగినంత దూరం.

ఇంగ్లండులో ఒక ఆదివారం

శరత్తును గురించి లోకంలో అసంఖ్యాకంగా కవితలు ఉన్నాయి. వాటిలో జాన్ కీట్సు వ్రాసిన ‘టు ఆటమ్’ అనే గీతానికి ప్రత్యేక స్థానం ఉన్నది. మన కళాశాలలలో ఆంగ్లం చదివిన తరతరాల విద్యార్థులకు అది పాఠం. తెలుగులో భావకవిత్వానికి దారి తీసిన రాయప్రోలు సుబ్బారావు శాంతినికేతనంలో రవీంద్రుని సన్నిధిని గడిపి వచ్చినవాడు. ఆ తరం తెలుగు కవులు కీట్సునూ, షెల్లీనీ, రవీంద్రునీ ఒకే దాహంతో చదివారు. కనుక వించెస్టర్ పొలాలకూ, భవానీపూర్ వీధులకూ, గోదావరి గట్లకూ ఉన్న దూరం చూచినంత ఎక్కువ కాదు.

1819 సెప్టెంబరు 19, ఆదివారం. దక్షిణ ఇంగ్లండులోని వించెస్టర్ పట్టణంలో మకాం చేస్తున్న ఇరవైమూడేళ్ళ కీట్సు ఇచెన్ ఏటి వెంబడి వ్యాహ్యాళికి వెళ్ళాడు. కోతలైన పొలాలు వెలవెలబోవడానికి బదులు ఏదో వెచ్చదనంతో కనిపించాయి. ఆ సంగతి రెండు రోజుల తరువాత మిత్రుడు రేనాల్డ్స్‌కు ఉత్తరంలో వ్రాశాడు. ఆ నడక నుంచి పుట్టిన గీతానికి మూడే చరణాలు. ఒక్కొక్క చరణానికి పదకొండేసి పాదాలు.

మొదటి చరణంలో పంట ఇంకా చెట్టుమీదే ఉన్నది. ద్రాక్షతీగలూ ఆపిల్ కొమ్మలూ బరువుకు వంగి ఉంటాయి. వేసవి ఎన్నటికీ పోదని భ్రమించే తేనెటీగల పట్లు పొంగి పొరలుతుంటాయి. రెండవ చరణంలో కోత సాగుతుంది. శరత్తు ఒక పల్లెపడుచుగా మారి ధాన్యపుకొట్టు నేలమీద కూర్చుంటుంది. సగం కోసిన చాలులో గసగసాల పూల మత్తుకు నిద్రపోతుంది. పరిగె ఏరుకొని తలపై మోపుతో వాగు దాటుతుంది. మూడవ చరణానికి కోత అయిపోయింది. వట్టి మోళ్ళమీద సాయంకాలపు కెంపు వాలుతుంది. అప్పుడు కవి కన్నులను విడిచి చెవులను ఆశ్రయిస్తాడు: ఏటి ఒడ్డున దోమల రొద, వసంతంలో పుట్టి ఇప్పటికి ఎదిగిన గొర్రెల అరపులు, కీచురాళ్ళు, తోటలో ఒక పిట్ట ఈల, ప్రయాణానికి ఆకాశంలో గుమిగూడే వానకోవెలలు.

ఆ గీతంలో ‘నేను’ అనే మాట లేదు. చచ్చిపోవడమనే క్రియ ఉన్నది గాని, అది మెత్తగా ఆరిపోయే పగటి వెలుతురుకూ, లేచి పడే గాలికీ మాత్రమే వర్తిస్తుంది. మనిషి చావు ప్రసక్తి లేదు. అది లేకపోవడానికి కారణం కవికి చావు తెలియకపోవడం కాదు. కీట్సు వైద్యవిద్య అభ్యసించి, 1816లో వృత్తికి అర్హత పొందినవాడు. తమ్ముడు టామ్‌కు క్షయ సోకగా దగ్గర ఉండి పరిచర్య చేసినవాడు. ఆ తమ్ముడు 1818 డిసెంబరులో మరణించాడు. గీతం వ్రాసిన తరువాత అయిదు నెలలకు కీట్సు దగ్గులోనే రక్తం పడింది. దాని రంగు చూచి, తనకు వచ్చిన తాఖీదు ఏమిటో ఆయన వెంటనే గ్రహించాడు.

ఇంత తెలిసినవాడు శరత్తును చూచి ఏడవలేదు. పండటమే రాలడానికి ఆరంభమనీ, ఆ రెంటినీ వేరు చేస్తే పంటే లేదనీ ఆ మూడు చరణాలు నిదానంగా చెబుతాయి. వానకోవెలలు వెళ్ళిపోతున్నాయని చెప్పి ఊరుకున్నాడు. వసంతంలో అవి తిరిగివస్తాయని చదివేవాడికి తెలుసు. ఆ మాటను చదివేవాడికే విడిచిపెట్టడం ఆయన సంస్కారం.

మట్టి తల్లి

బెంగాలు శరత్తుకు ఆపిల్ పళ్ళు లేవు, ద్రాక్షలు లేవు. దాని గుర్తులు రెండు. ఒకటి ‘కాశ్’, మన రెల్లు. వానలు వెనుకబట్టగానే ఏటి ఒడ్డులు తెల్లని రెల్లుపూలతో నిండిపోతాయి. రెండవది ‘శియులి’, మన పారిజాతం. రాత్రి పూచి తెల్లవారేసరికి నేల రాలే పువ్వు అది. కొమ్మనుంచి కోసిన పువ్వు కన్న నేలమీదనుంచి ఏరిన పువ్వునే ఈ మొక్క వద్ద అడుగుతారు. రాలిన తరువాతనే పూజకు పనికివచ్చే పువ్వు ఈ ఋతువుకు చిహ్నం కావడం ఉచితంగానే ఉన్నది.

రెల్లు పూచే వేళకు భవానీపూర్ సందులలో వెదురు పందిళ్ళు లేస్తాయి. ఒకప్పుడు దుర్గాపూజ జమీందారుల, ధనికుల ముంగిళ్ళకే పరిమితం. ఇక్కడి మల్లిక్ కుటుంబం వంటి పాతకాపుల ఇళ్ళలో ఆ పూజలు ఇప్పటికీ జరుగుతున్నాయి. కాని 1910లో భవానీపూర్ సనాతన ధర్మోత్సాహినీ సభవారు బలరామ్ బసు ఘాట్ రోడ్డులో చందాలు వేసుకొని అందరి పూజగా జరిపారు. కలకత్తాలో సార్వజనిక దుర్గాపూజకు అదే తొలి అడుగు అని ఇక్కడివారు సగర్వంగా చెప్పుకుంటారు. ఆ పండుగనే యునెస్కో 2021 డిసెంబరులో మానవజాతి అమూర్త వారసత్వంగా గుర్తించింది.

ప్రతిమ పుట్టుక చూడదగినది. మొదట కొయ్యతో, వెదురుతో చట్రం కడతారు. దానిని ‘కాఠామో’ అంటారు. దానిమీద వరిగడ్డిని సుతిలితాడుతో బిగించి ఒడలు తీరుస్తారు. గడ్డిమీద ఊక కలిపిన ముతక మట్టి, అది ఆరిన తరువాత గంగ ఒడ్డునుంచి తెచ్చిన మెత్తని బంకమట్టి మెత్తుతారు. పాత కుటుంబాలలో రథయాత్రనాడు ఈ చట్రానికి పూజ చేసి పని ప్రారంభిస్తారు. ఆషాఢంలో మొదలైన పని ఆశ్వయుజానికి దేవి అవుతుంది. షష్ఠి నుంచి దశమి వరకు ఆమె ఈ ఇంటి ఆడపడుచు. భర్త ఇంటినుంచి పిల్లలతో పుట్టింటికి వచ్చిన ఉమ అని బెంగాలీల భావన.

దశమినాడు ముత్తైదువలు ఆమె నుదుట సిందూరం దిద్ది, నోటికి మిఠాయి తాకించి, తమలపాకులతో చెంపలు తుడిచి సాగనంపుతారు. ఢాక్ వాద్యాల మ్రోత నడుమ ప్రతిమను ఘాట్‌కు తీసుకుపోతారు. నీట మునిగేటప్పుడు జనమంతా వచ్చే ఏడు మరల జరుగుతుందని కేకలు వేస్తారు. ఆ కేకలో దుఃఖం ఎంతో, ధీమా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. రంగు కరుగుతుంది, మట్టి ఏటి మట్టిలో కలిసిపోతుంది, గడ్డి తేలుతుంది. నీరు చెడకుండా పురపాలకులు ఇప్పుడు క్రేనులు పెట్టి చట్రాలను వెంటనే పైకి తీస్తున్నారు. కొన్ని కుటుంబాలవారు ఆ చట్రాన్నే ఇంటికి తెచ్చి భద్రపరుస్తారు. మరుసటి రథయాత్రనాడు తల్లి దానిమీదనే మరల రూపు దాలుస్తుంది.

ఆ రాత్రి పందిరి బోసిగా ఉంటుంది. దేవి నిలిచిన వేదికపై ఒక్క ప్రమిద మాత్రం వెలుగుతూ ఉంటుంది. దానిని చూచినవారికి కీట్సు మూడవ చరణంలోని కోసిన పొలం గుర్తుకు రాకపోదు. అక్కడ సూర్యకాంతి, ఇక్కడ ప్రమిద వెలుగు. రెండుచోట్లా ఖాళీ స్థలమే వెచ్చగా ఉన్నది.

కార్తీకపు కవి

విజయదశమి వెళ్ళిన తరువాత బెంగాలులో గాలి మారుతుంది. ఉదయం మంచు కనబడుతుంది. పొలాలలో వరి ఇంకా పూర్తిగా పండదు. బెంగాలీ సౌరమానం ప్రకారం అక్టోబరు మూడవ వారంలో ప్రారంభమయ్యే కార్తీకం శరత్తుకు వీడ్కోలు, హేమంతానికి గడప. రవీంద్రుడు వర్షాన్నీ శరత్తునూ విరివిగా పాడాడు. ఈ పొగమంచు వేళను తనదిగా చేసుకున్నవాడు జీవనానంద దాస్.

ఆయన 1899లో నేటి బంగ్లాదేశ్‌లోని బరిసాల్‌లో పుట్టాడు. తల్లి కుసుమకుమారి దాస్ కూడా కవయిత్రి. కలకత్తాలో ఆంగ్ల సాహిత్యం చదివి, 1919లో బి.ఏ., 1921లో ఎం.ఏ. పూర్తిచేశాడు. జీవితమంతా ఆంగ్లోపన్యాసకుడుగా, తరచు ఉద్యోగం లేనివాడుగా గడిపాడు. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లోని కళాశాలలో కూడా 1950–51లో కొద్దినెలలు పాఠాలు చెప్పాడు. తొలి సంపుటి పేరు ‘ఝరా పాలక్’, అంటే రాలిన ఈకలు. అది 1927లో వెలువడింది. 1936 నాటి ‘ధూసర పాండులిపి’లో కోతలైన పొలాలు, మంచు, గుడ్లగూబలు, ఎలుకలు, ధాన్యపు వాసన నిండి ఉన్నాయి. ఆ కవితలలో విమర్శకులు కీట్సు ఛాయను గుర్తించారు. అయితే కీట్సు పొలంలో పగలు వాలుతుంది. జీవనానందుని పొలంలో అప్పటికే రాత్రి పడి ఉంటుంది.

ఆ కాలపు పండితులలో పలువురికి ఈ కవిత్వం కొరుకుడుపడలేదు. సజనీకాంత దాస్ ‘శనివారేర్ చిఠీ’ పత్రికలో ఎగతాళి చేశాడు. బుద్ధదేవ బసు ఒక్కడు ముందునుంచీ ఆయన పక్షాన నిలిచి, బెంగాలీ కవులందరిలోకి ఏకాంతజీవి అని వర్ణించాడు. 1947లో దేశం చీలేనాటికి జీవనానందుడు కలకత్తా చేరుకున్నాడు. బరిసాల్ మరొక దేశమై పోయింది. దాని ఏళ్ళూ పొలాలూ ఇక జ్ఞాపకంలోనే మిగిలాయి. భవానీపూర్ అంచున సాగే లాన్స్‌డౌన్ రోడ్డులో ఒక అద్దె ఇల్లు ఆయన చివరి నివాసం. ఆ వీధికి ఇప్పుడు సుభాష్ అన్న శరత్ చంద్ర బోస్ పేరు ఉన్నది. శరత్తును పాడిన కవి వీధికి శరత్తు పేరే నిలవడం కేవలం యాదృచ్ఛికం. అయినా తెలిసినవారి పెదవులపై అది చిరునవ్వు పుట్టిస్తుంది.

1954 అక్టోబరు 14 సాయంకాలం జీవనానందుడు అలవాటు ప్రకారం వ్యాహ్యాళికి వెళ్ళాడు. దేశప్రియ పార్కు దగ్గర రాస్‌బిహారీ అవెన్యూ దాటుతూ ట్రాము క్రింద పడ్డాడు. భవానీపూర్‌లోని శంభునాథ్ పండిత్ ఆసుపత్రిలో చేర్చారు. యువకవులు వంతులవారీగా మంచం ప్రక్క కూర్చున్నారు. ఒకనాడు ఎగతాళి చేసిన సజనీకాంత దాసే పరుగున వచ్చి, స్వయంగా మహావైద్యుడైన నాటి ముఖ్యమంత్రి విధాన్ చంద్ర రాయ్ శ్రద్ధ రోగి మీద పడేటట్లు పూనుకున్నాడు. విరిగిన ఎముకలకు తోడు న్యుమోనియా వచ్చింది. అక్టోబరు 22 రాత్రి ఆయన ప్రాణం విడిచాడు. విజయదశమి వెళ్ళి రెండు వారాలైంది, కాళీపూజ ఇంకా రాలేదు. బెంగాలీ పంచాంగంలో కార్తీకం అప్పుడే అడుగుపెట్టింది. మరునాడు కేవడాతలాలో దహనసంస్కారం జరిగింది.

తిరిగివస్తానన్న మాట

ఆయన వ్రాసిన ఒకానొక పద్యాన్ని ఈనాడు బెంగాలీ పిల్లవాడు బడిలోనే నేర్చుకుంటాడు. మరణించిన తరువాత ధాన్‌సిరి ఏటి ఒడ్డుకు తిరిగివస్తానని కవి అందులో చెబుతాడు. మనిషిగా రావాలన్న పట్టు లేదు. గ్రద్దగానో, గోరింకగానో రావచ్చు. కార్తీకపు కొత్తబియ్యం పండుగ దేశంలో వేకువ కాకిగా రావచ్చు. ఒక పల్లెపిల్ల పెంచుకునే బాతుగా రోజంతా తూటికూర వాసన గల నీటిలో తేలవచ్చు. చిరిగిన తెరచాపతో పడవ నడిపే కుర్రవాడిలోనో, కూసే గుడ్లగూబలోనో తనను చూడవచ్చు. మోక్షం కోరలేదు, స్వర్గం కోరలేదు. ఆ మట్టినే మళ్ళీ కోరుకున్నాడు. కార్తీకంలో తిరిగివస్తానన్నవాడు కార్తీకంలోనే వెళ్ళిపోయాడు.

అయితే ఋతుచక్రం దానంతట అది మనిషికి ఓదార్పు కాజాలదు. బెంగాలీ పల్లెలలో కార్తీకాన్ని ‘చచ్చిన నెల’ అనేవారు. పాత ధాన్యం అయిపోయి, కొత్తది ఇంటికి రాని కాలం అది. 1943 శరత్తులో ఆ ఆకలి ప్రళయమై వచ్చింది. పల్లెలు విడిచిన జనం కలకత్తా కాలిబాటలకు చేరి, అన్నం అడగడానికి కూడా ధైర్యం చాలక గంజి అడిగారు. ఆ కరువులోనూ, వెంట వచ్చిన రోగాలలోనూ సుమారు 30 లక్షలమంది మరణించారని అంచనా. ఆ ఏడాది చివర పొలాలలో వరి విరగపండింది. నాటినవారిలో ఎందరో దానిని కోయడానికి మిగలలేదు. విజన్ భట్టాచార్య ఆ మరుసటి ఏడు వ్రాసి ఆడించిన నాటకానికి ‘నవాన్న’, కొత్త అన్నం, అనే పేరు పెట్టడంలోని బాధ దీన్ని ఎరిగినవారికే తెలుస్తుంది. జీవనానందుడు కూడా ఆ కాలిబాటలను చూచినవాడే. తరువాతి కవితలలో ఆ చీకటి కనిపిస్తుంది.

ప్రకృతి తన చక్రాన్ని తిప్పుతుంది. కాని పండినదానిని కోసి, దాచి, విత్తనం కట్టి మరుసటి ఏటికి అందించడం మనుషుల చేతిలోని పని. ఆ చేతులు లేనినాడు పంట కూడా రాలిపోవడమే అవుతుంది.

ఒకరు ఆపినచోట

తెలుగువారికి ఈ సత్యం చెప్పడానికి విదేశాల ఉదాహరణ అక్కరలేదు. పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరాన రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భారతాన్ని తెలుగు చేయబూనాడు. అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసంలో ఆయన గంటం ఆగిపోయింది. ఆగిన చోట ఉన్నది శరద్రాత్రుల వర్ణన. మెరిసే చుక్కలు, కలువల పరిమళం మోసే గాలి, ఆకాశం నిండా వెన్నెల. అదే నన్నయ చివరి పద్యమని మన సాహిత్య సంప్రదాయం.

రమారమి మూడు వందల ఏళ్ళ తరువాత ఎఱ్ఱాప్రగడ ఆ శేషాన్ని పూరించడానికి కూర్చున్నాడు. తన పేరు పెట్టుకోలేదు. నన్నయ పూర్తిచేసినట్లుగానే రాజరాజనరేంద్రునికి అంకితం చేశాడు. నన్నయ విడిచిన శరత్తులోనే తానూ ప్రవేశించాడు. అయితే నన్నయ ఆపినది రాత్రి వద్ద, ఎఱ్ఱన అందుకున్నది సూర్యకిరణాల ఎఱ్ఱదనం వద్ద. రెండు పద్యాల నడుమ మూడు శతాబ్దాలు గడిచినా, చదివేవాడికి ఒక్క రాత్రి మాత్రమే తెల్లవారినట్లు ఉంటుంది.

మహాలయ అమావాస్యనాడే తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. తంగేడు, గునుగు పూలను వలయాలుగా పేర్చి, చుట్టూ తిరిగి పాడి, చివరకు చెరువులో విడుస్తారు. నీట కలిపే ఆ పూలరాశికి మన ఆడవారు పెట్టుకున్న పేరు బతుకు. ఆంధ్రదేశపు శివాలయాలలో కార్తీకమాసాన ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తినట్లే, బెంగాలులోనూ కార్తీకమంతా ఇంటికప్పులపై ఆకాశప్రదీపం వెలిగించేవారు. పైనున్న పెద్దలకు దారి కనపడాలని దాని భావం. మేడలు పెరిగిన కలకత్తాలో ఆ దీపాలు అరుదైపోయాయి. కాళీపూజకు ముందురోజు పధ్నాలుగు తరాల పెద్దల పేర పధ్నాలుగు ప్రమిదలు గుమ్మాలలో పెట్టే ఆచారం మాత్రం భవానీపూర్ పాత ఇళ్ళలో నిలిచి ఉన్నది.

కోత ఎవరిది?

కీట్సు 1821 ఫిబ్రవరి 23న రోము నగరంలో మరణించాడు. వయసు ఇరవైఅయిదు. తన సమాధిపై పేరు చెక్కవద్దనీ, తన పేరు నీటి మీద వ్రాసినదని మాత్రం చెక్కమనీ కోరాడు. నీటి మీది వ్రాత నిలవదని మన సామెత కూడా. లోకం తనను మరచిందని నమ్మి ఆయన కళ్ళు మూశాడు. ఇప్పుడా పేరులేని సమాధిని చూడడానికి దేశదేశాలవారు వెళ్ళుతున్నారు.

జీవనానందుని జీవితకాలంలో అచ్చయిన కవితా సంపుటాలు వ్రేళ్ళ మీద లెక్కింపదగినవి. చివరి రోజులలో కొంత గుర్తింపు రాకపోలేదు. కాని ఆయన ట్రంకు పెట్టెలలో ఏమున్నదో ఎవరికీ తెలియదు. మరణించిన మరుసటి ఏడు, 1955లో, ‘శ్రేష్ఠ కవిత’కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1957లో, ఇరవై ఏళ్ళకు పైగా నోటుపుస్తకంలో మూతపడి ఉన్న పద్యాలు ‘రూపసీ బంగ్లా’గా వెలువడ్డాయి. తిరిగివస్తానన్న పద్యం వాటిలోనిదే. తరువాత ఒక్కొక్కటిగా కథలు బయటపడ్డాయి, నవలలు బయటపడ్డాయి. వాటిలో ‘మాల్యవాన్’ 1973లో అచ్చయింది. బ్రతికి ఉండగా నవలాకారుడని ఎవరూ ఎరుగని మనిషి, పోయిన తరువాత నవలాకారుడైనాడు. ఆసుపత్రిలో ఆయన మంచం ప్రక్క మేల్కొని కూర్చున్న యువకులలో కొందరు ఆ చిక్కు వ్రాతలను ఓపికగా ప్రతులు తీసి అచ్చుకు అందించారు. కీట్సు పాడిన కోత పడుచు వలె, వారూ పరిగె ఏరిన మనుషులే.

1971లో తూర్పు బెంగాలు తన స్వాతంత్ర్యం కోసం పోరాడినప్పుడు ‘రూపసీ బంగ్లా’ పద్యాలు అక్కడి యువకుల నోట పలికాయి. కవి ఏ ఏటి ఒడ్డుకు తిరిగివస్తానని చెప్పాడో, ఆ ఏటి ఒడ్డుకే ఆయన మాట వెళ్ళింది. సరిహద్దు దాటడానికి దానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది.

నేడు శంభునాథ్ పండిత్ ఆసుపత్రి గుమ్మం ముందు మామూలు రద్దీ. రోగుల బంధువులు చిన్న మట్టికప్పులతో టీ త్రాగి, ఖాళీ కప్పును నేలకు కొడతారు. ఏటి మట్టితో చేసిన ఆ ముక్కలు కొద్దిరోజులలో చక్రాల క్రింద నలిగి దుమ్మవుతాయి. వాన వస్తే ఆ దుమ్ము ఆదిగంగ వైపు కొట్టుకుపోతుంది. కాళీఘాట్ పటువాల వాడలో ఎవరో మరొక చట్రానికి గడ్డి బిగిస్తూ ఉంటారు. ఆయన వేళ్ళకు అంటిన బంకమట్టి అంతకు ముందు ఎన్ని ప్రతిమలలో దేవి అయినదో లెక్క పెట్టినవారు లేరు.